మెట్ల కింది పెట్రోలు

మా రామచంద్రపురానికి యానాం దగ్గరే. అయినా అది పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ లీటరు పెట్రోలు మనకంటే పది రూపాయల పైచిలుకు తక్కువ. మా వైపు నుంచి యానాం వెళ్ళినవాళ్ళు పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా తిరుగుదారిలో బంకు దగ్గర ఆగి టాంకు నింపుకునే వస్తారు. చావు ఇంటి నుంచి నేరుగా ఇంకెక్కడికీ వెళ్ళకూడదని పట్టింపు ఉన్నవాళ్ళు కూడా బంకుకు మాత్రం మినహాయింపు ఇస్తారు.

నాది కొబ్బరికాయల వ్యాపారం. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం రాశుల దగ్గర నిలబడి నాకు నేనే నేర్చుకున్నాను. రాశి చూసి ఎన్ని కాయలున్నాయో చెబితే వందకు రెండు మూడు కంటే తేడా రాదు. వారానికోసారి నా పాత పెట్రోలు వ్యానులో యానాం వైపు తోటలకు వెళ్తాను. మిగతా రోజుల్లో తిరిగేవి నా స్కూటరు, ద్రాక్షారామం బడిలో పాఠాలు చెప్పే నా భార్య స్కూటరు. ఆ రెండూ మా ఊరి ధరకు పెట్రోలు తాగుతుంటే నాకు మనసు ఒప్పేది కాదు.

డబ్బాలో పొయ్యమంటే బంకువాళ్ళు కుదరదన్నారు. దానికీ ఉపాయం ఆలోచించాను. వ్యాను టాంకు నిండా పోయించి, ఇంటికి వచ్చాక గొట్టంతో తోడి పామాయిలు డబ్బాల్లో పట్టాను. గొట్టాన్ని నోటితో లాగేటప్పుడు ఒకసారి పెట్రోలు నాలుకకు తగిలింది. ఆ పూట పప్పులోనూ అదే రుచి.

డబ్బాను అంచు దాకా నింపేవాణ్ణి. పైన ఖాళీ వదిలితే అంత చోటు దండగ కదా అనిపించేది. మూత కింద పాలిథిన్ ముక్క పెట్టి బిగించేవాణ్ణి. ఎండ తగలకూడదని మెట్ల కింద కిటికీ లేని చిన్న గదిలో దాచేవాణ్ణి. ఇంట్లో అదే చల్లటి చోటు. అందుకే ఇన్వర్టరు, దాని బ్యాటరీ కూడా అక్కడే ఉండేవి. నాకు తెలిసిన జాగ్రత్తల్లా అగ్గి దగ్గరికి రాకూడదన్నదే. ఆ గది తలుపు మీద "అగ్గి వద్దు" అని సుద్దతో రాశాను కూడా.

"మీ లెక్కలో నా ముక్కుకు చోటుందాండీ?" అనేది నా భార్య. "ఇల్లంతా మెకానిక్ షెడ్డు వాసన."

నాకు ఏ వాసనా వచ్చేది కాదు. అలవాటైపోయిందని అప్పటికి నాకు తెలియదు.

మే నెల, బడి సెలవులు. అన్నాలు తిని, వీధి అరుగు మీద ఫోను చూసుకుంటున్నాను. లైన్ల మరమ్మతు కోసం రెండు గంటల నుంచి కరెంటు తీసేస్తారని వీధి గ్రూపులో మెసేజి ఉంది. పావు తక్కువ రెండయింది. అప్పుడే నా భార్య హాల్లోంచి పిలిచింది.

"ఏవండీ, ఇక్కడ నేల తడిగా ఉందేంటి?"

మెట్ల గది తలుపు కిందినుంచి సన్నటి తడి హాల్లోకి పాకి వస్తోంది. తలుపు కొంచెం తెరిచి చూశాను. రెండు డబ్బాల్లో ఒకటి కడుపుబ్బిన గేదెలా ఉబ్బి, అడుగున చీలింది. దానికి మూరెడు దూరంలో ఇన్వర్టరు ఆకుపచ్చ దీపం నిశ్చింతగా వెలుగుతోంది.

నా భార్య వీధి గుమ్మం బార్లా తీసి, వసారాలో ఉన్న మెయిను స్విచ్చు వైపు చెయ్యి చాచింది.

"ముట్టుకోకు!" అని అరిచాను. "మెయిను ఆపితే ఇన్వర్టరు అందుకుంటుంది. లోపల టక్కుమంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు."

"అయితే ఆ ఇన్వర్టరే ఆపండి."

"దాని స్విచ్చూ లోపలే ఉంది. అదీ టక్కుమంటుంది."

"అయితే ఏదీ ముట్టుకోవద్దు. వదిలేద్దాం."

"రెండింటికి కరెంటు తీసేస్తున్నారు."

ఆవిడ నా వైపు ఒక్క క్షణం చూసింది. "అంటే చేసినా అంతే, చెయ్యకపోయినా అంతే?"

"అంతే."

"మరి అత్తయ్యగారు?"

మా అమ్మ వెనక గదిలో పడుకుని ఉంది. మోకాలి ఆపరేషను అయ్యాక వాకరు పట్టుకుని హాలు దాటడానికే ఆవిడకు చాలాసేపు పడుతుంది. ఆ గది నుంచి బయటికి రెండు దారులు. ఒకటి ఈ హాల్లోంచి, మెట్ల గది ముందునుంచి. రెండోది పెరటి తలుపు. ఆ తలుపుకు అవతల, తెరుచుకోవడానికి వీల్లేకుండా, వలిచిన కాయల రాశి ఉంది. ధర పెరిగాక అమ్ముదామని నేను ఆపిన సరుకే అది.

వీధిలోకి పరిగెత్తి, లైన్‌మ్యాన్‌కు ఫోను చేశాను. తెలిసినవాడే.

"రెండింటికి కరెంటు తియ్యడం ఒక్క పావుగంట ఆపగలరా అండి?"

"ఎందుకండీ?"

ఎందుకో నోరు విప్పి చెప్పలేకపోయాను. ఇంట్లో పెట్రోలు దాచానని ఊరందరికీ తెలిసిపోతుందన్న భయం ఆ ఘడియలో కూడా నన్ను వదల్లేదు. "మా అమ్మగారిని బయటికి తీసుకురావాలండి" అన్నాను.

"లిఫ్టులో ఇరుక్కున్నారా ఏంటండీ?" అని నవ్వాడు. "మీది ఒంటి డాబాయే కదండీ!"

"లిఫ్టు కాదండి..."

"ఇక్కడ మావాళ్ళు నిచ్చెనేసుకుని నిలబడ్డారండి. రెండంటే రెండే. పెద్దావిడకి ఓ విసనకర్ర ఇచ్చెయ్యండి, ఆయ్."

ఫోను పెట్టేశాడు.

సందులోంచి పెరటివైపు వెళ్ళాను. అలవాటుకొద్దీ కళ్ళు రాశి మీద తిరిగాయి. నాలుగు వేలకు పైనే. తలుపు తెరుచుకునేంత మేర జరపాలన్నా ఇద్దరికీ అరగంట పని. మా దగ్గర ఉన్నది పది నిమిషాలు. పై వరస జారవిడిస్తే? కింద ఉన్నవి మళ్ళీ గుమ్మానికే దొర్లుతాయి. పక్కకు తోస్తే? అటు గోడ. ఎటునుంచి లెక్క వేసినా జవాబు ఒక్కటే వస్తోంది.

"అక్కడ నిలబడి కాయలు లెక్కపెడుతున్నారా?" నా భార్య గొంతు. వీధి వసారాలోని ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని సందు మొదట్లో నిలబడింది. "చెప్పులు విప్పి రండి."

హాల్లో తడి ఇప్పుడు సగం దాకా వచ్చింది. గోడవారగా జానెడు పొడినేల మిగిలి ఉంది. దాని మీదే ఒకరి వెనక ఒకరం వెళ్ళాం. అమ్మ ఫ్యాను కింద కళ్ళు తెరిచే ఉంది.

"ఏంట్రా ఈ కంపు?"

"లే అమ్మా. కుర్చీలో కూర్చో. బయటికి వెళ్దాం."

"నా వాకరేదిరా?"

"వాకరు వద్దమ్మా. మేం మోస్తాం."

కుర్చీ గాలిలోకి లేచాక ఆవిడ నన్నూ కోడలినీ మార్చి మార్చి చూసింది. "మోయడానికి నలుగురుండాలి కదరా? ఇద్దరే వచ్చారేంటి?"

"ఊరుకోండి అత్తయ్యగారూ" అంది నా భార్య. నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు. నేను తల తిప్పి దారి చూసుకుంటూ వెనక్కి నడుస్తున్నాను. మడమకు తడి తగిలింది. చల్లగా ఉంది, వేసవిలో ఆ చల్లదనం ఎంత భయంకరంగా ఉందో చెప్పలేను. మెట్ల గది ముందుకు వచ్చేసరికి జారి, భుజంతో గోడను పట్టుకున్నాను. కుర్చీ ఒరిగింది. అమ్మ నా చొక్కా కాలరు పట్టుకుని వేలాడింది. తలుపు సందులోంచి ఆ ఆకుపచ్చ దీపం నా మోకాలి ఎత్తులో కనబడుతూనే ఉంది.

వీధికి అవతల, పక్కింటివాళ్ళ మేడ పని కోసం పోసిన ఇసుక గుట్ట దగ్గర కుర్చీ దింపాం.

కరెంటు పోయింది. వీధిలోని కూలర్ల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. మా ఇంట్లోంచి ఇన్వర్టరు కీచుమంది. ఆ వెంటనే ఎవరూ లేని అమ్మ గదిలో ఫ్యాను మళ్ళీ తిరగడం మొదలైంది. తీసి ఉన్న వీధి గుమ్మంలోంచి ఆ గది తెర కదలడం కనబడింది. అంతే. ఇంకేమీ జరగలేదు.

గుమ్మం తీసి ఉంచడం వల్ల ఆవిరి కొంత పోయిందేమో. దాన్ని నా తెలివి కింద జమ వేసుకోవడానికి లేదు, ఆ గుమ్మం తీసింది నా భార్య.

కాసేపు ఆగి, ఆ ఇసుకే తెచ్చి తడి మీద పోశాం. ఎత్తి, ఆరుబయట పరిచాం. రెండో డబ్బాను వీధిలోకి తెచ్చి, ఇంజను చల్లబడ్డ వ్యానులో గరాటుతో పోసేశాను. ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేలబారున పాకి నిప్పును వెతుక్కుంటుంది. వేడికి పెట్రోలు ఉబ్బుతుంది కాబట్టి పైన ఖాళీ వదలాలి. దానికంటూ చేసిన డబ్బాలే వాడాలి, పామాయిలు డబ్బా పనికిరాదు. స్విచ్చులకూ పొయ్యికీ దూరంగా, మనుషులు పడుకునే ఇంటికి బయట, నీడలో గాలి ఆడేచోట ఉంచాలి. అవన్నీ అమర్చుకునే చోటు మా ఇంట్లో లేదు. ఇప్పుడు యానాం వెళ్తే వ్యాను టాంకు నింపుకుని వస్తాను. ఆ పెట్రోలు వ్యానులోనే ఉంటుంది. కాయలు ఆ వారమే అమ్మేశాను, వచ్చిన ధరకు. పెరటి తలుపు తెరిచే ఉంటోంది.

ఆ రోజు సాయంత్రం అమ్మ నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళి, టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, లైటరు చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"ఒరేయ్, ముట్టించనా?"

నేను వాసన చూశాను. నాకేమీ తెలియలేదు. మధ్యాహ్నం ఇల్లంతా పెట్రోలు కంపు కొడుతున్నప్పుడు కూడా నా ముక్కుకు తెలియలేదు. నా భార్య వచ్చి, మెట్ల గదిలో తల పెట్టి వాసన చూసి, "ముట్టించండి అత్తయ్యగారూ" అంది.

ఆ అడగడం అమ్మకు అలవాటైపోయింది. బడులు తెరిచారు. నాలుగింటికి వంటింట్లోంచి రోజూ అదే పిలుపు వస్తుంది. మెట్ల కింద ఇప్పుడు ఒక చీపురు, ఇన్వర్టరు తప్ప ఏమీ లేవని నాకు తెలుసు. అయినా వెళ్ళి చూస్తాను. వంగి నేల తడుముతాను. ముట్టించమని చెప్పడానికి నోరు రాదు.

"కాసేపు ఆగమ్మా" అంటాను.

ఆవిడ లైటరు గట్టు మీద పెట్టి ముక్కాలిపీట మీద కూర్చుంటుంది. ద్రాక్షారామం నుంచి వచ్చే స్కూటరు చప్పుడు కోసం ఇద్దరం ఎదురుచూస్తూ ఉంటాం.