ఒంటిచేత్తో బిగించిన తలుపు

వీధి చివరి షెడ్డులో తలుపుల మామ ఒక్కడే, ఒంటిచేత్తో, రెండో చేత్తో టీ తాగుతూ, పాతకాలపు కారుకి మణుగు బరువున్న తలుపు బిగించాడు. టీ చుక్క ఒలకలేదు. కళ్ళారా చూసినవాళ్ళు నలభై మంది. ఆ షెడ్డులో నలుగురు నిలబడితే ఐదోవాడు ఊపిరి బయటికి వెళ్ళి పీల్చుకోవాలి. ఆ సంగతి మాత్రం అడక్కండి.

మామకి ఇంజన్ల జోలి లేదు. ముప్పై ఏళ్ళుగా తలుపులే. పాత కారు తలుపు రెండు కీళ్ళ మీద వేలాడుతుంది. ఒక్కో కీలులో చిటికెనవేలంత పిన్ను, దాని చుట్టూ ఇత్తడి బుష్. తీసీ వేసీ, తీసీ వేసీ ఆ బుష్ అరిగిపోతే తలుపు కొస కిందికి జారుతుంది, లాకు పడదు. కొస పట్టుకుని ఒక్కసారి పైకీ కిందికీ ఆడించి, ఎంత అరిగిందో, ఎన్నాళ్ళుగా అరుగుతోందో చెప్పేస్తాడు మామ. కారు యజమాని పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్తాడంటారు.

కీళ్ళ పని ఇద్దరు చేసేది. ఒకరు తలుపు బరువు మొయ్యాలి, ఒకరు పిన్ను కొట్టాలి. మోసేది మామ వాళ్ళన్న, కొట్టేది తమ్ముడైన మామ. అన్న తలుపుని మోకాలి మీద ఆనించుకుని, తమ్ముడు "కొంచెం" అనబోయేలోపే కొంచెం లేపేవాడు.

ఎనిమిది నెలల కిందట అన్న పోయాడు. మామకి ఏడుపు రాలేదు. గుండె రాయన్నారు చుట్టాలు. రాయైనా ఎండకి కాస్త వేడెక్కుతుంది. మామకి అదీ లేదు. పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. చల్లారిన టీని వేడి టీ తాగినట్టే తాగి గ్లాసు కింద పెట్టాడు. అద్దాలు బిగించాడు, రబ్బర్లు మార్చాడు. కీళ్ళ పని వస్తే మాత్రం "కుదరదు" అనేవాడు.

షెడ్డు మూలన అన్న కారు ఉంది. ఊరందరి తలుపులూ బాగుచేసిన అన్నదమ్ములకి దాని డ్రైవరు తలుపు చూసే తీరిక ఏనాడూ దొరకలేదు. ఒక శనివారం వదిన వచ్చి దాని ముందు నిలబడింది.

"ఏం మరిదీ, ఈ తలుపు సంగతేంటి?"

"చూద్దాం వదినా."

"ఎనిమిది నెల్ల నుంచీ చూస్తూనే ఉన్నావు. ఇంకా చూపు ఆనలేదా?"

యాభై రెండేళ్ళ వయసులో వదిన డ్రైవింగు నేర్చుకుంది. పోయిన వారం ఈ కారుని షెడ్డులోంచి తీస్తే, మొదటి మలుపులోనే తలుపు బార్లా తెరుచుకుని, ఒళ్ళోని సంచీ రోడ్డు మీద దొర్లింది. అది చూసిన ఆమె తమ్ముడు, "ఈ డొక్కు నిన్ను మింగేస్తుందక్కా, ఆదివారం తుక్కుకి తోలేస్తా" అన్నాడు.

"రేపు పొద్దున్నే వాడు లారీ తెస్తాడు" అంది వదిన. "తలుపు పడితే బండి నాది, పడకపోతే తుక్కుది. ఆయన చొక్కాలు ఎవరికి కావాలంటే వాళ్ళకిచ్చేశాను. ఇదొక్కటీ ఉండనీయ్."

ఇంత మాట విన్నాక లోపల ఏదో ఒకటి కదలాలని మామకి తెలుసు. కాసేపు ఎదురుచూశాడు. ఏమీ కదల్లేదు. వెళ్ళి జాకీ తెచ్చాడు.

పాత పిన్నులు ఊడగొట్టి, కొత్త బుష్‌లు దించి, జాకీ మీద చెక్క, చెక్క మీద పాత దుప్పటి మడత వేసి తలుపు నిలబెట్టాడు. కింది కీలు ఎలాగో కుదిరింది. పై కీలు దగ్గరే వచ్చింది తంటా. జాకీకి ఎక్కువ తెలుసు, తక్కువ తెలుసు, కొంచెం తెలియదు. మూడుసార్లు పిన్ను సగంలో బిగుసుకుంది. నాలుగోసారి వంకరపోయింది. ఇక మిగిలిన పిన్ను ఒక్కటే.

సుత్తి కింద పెట్టాడు. "పట్టుకునే మనిషి లేడు వదినా."

"నేనేమన్నా దిష్టిబొమ్మనా?"

"నీకు రాదు. ఎత్తు తెలియాలి."

"నాకా తెలియనిది! రోజూ పొద్దున మీ అన్న లోపల కూర్చుంటే, బయట నిలబడి ఈ తలుపు ఎత్తి వేసింది ఎవరు? రేపు చేస్తాం, రేపు చేస్తాం అంటూ ముప్పై ఏళ్ళు ఎత్తించారు కదయ్యా!"

మామ జాకీ తీసేశాడు. వదిన వంగి, తలుపు కొసని మోకాలి మీదకి తీసుకుని, కళ్ళు మూసుకుని, రోజూ ఎత్తినంతే ఎత్తింది. కీలు కన్నంలో అవతలి వెలుతురు గుండ్రంగా కనబడింది. మూడు దెబ్బల్లో పిన్ను దిగిపోయింది.

"వేసి చూడు" అన్నాడు మామ.

వదిన వేసింది. అలవాటున పైకెత్తి మరీ వేసింది. తలుపు పైఅంచు ఠక్కున చట్రానికి కొట్టుకుని, బియ్యపుగింజంత రంగు రాలింది. ఆమె మొహం పాలిపోయింది.

"ఎత్తకు వదినా. ఇక ఎత్తక్కర్లేదు. ఊరికే తొయ్యి."

రెండు వేళ్ళతో తోసింది. తలుపు మెత్తగా పడింది. ఆమె చాలాసేపు దాని మీంచి చెయ్యి తియ్యలేదు. మామ ఏమైనా అంటాడేమోనని చూసింది. ఆమె మోకాలి మీద గ్రీజు మరక కనబడితే, ఆయన గుడ్డ అందించాడు.

ఆదివారం లారీ ఖాళీగా వెనక్కిపోయింది. సోమవారం వదిన తనే నడుపుకుంటూ పనికి పోయింది. వారం తిరిగేసరికి కథ వీధి దాటింది. దారిలో ఒంటిచెయ్యి కలిసింది, టీ కలిసింది, నలభై మంది జనం కలిశారు. ఎవరో మామ ముందే ఆ కథంతా ఏకరువు పెడితే, ఆయన చేతిలో పని ఆపకుండా అన్నాడు:

"టీ లేదు, జనం లేరు. తలుపు మా వదిన పట్టుకుంది. నేను పిన్ను కొట్టాను."