మెత్తటి మంచు మీద ఏడుగురు కోచ్‌లు

2024 సెప్టెంబరు 9, సోమవారం. నాలుగు సంవత్సరాల ఏడు నెలల కాలంలో ఘాఫ్ ఐస్ హాకీ క్లబ్‌కు ఏడో హెడ్ కోచ్ ఆ ఉదయం పది గంటలకు వచ్చాడు. అంతకు ముందు వచ్చిన ఆరుగురూ సగటున తొమ్మిదేసి నెలలు ఉండి వెళ్లిపోయారు. దుబాయ్ శివారులో ఒక పెద్ద మాల్ వెనుక ఉన్న ఆ మంచు మైదానంలో, ఆరుగురినీ వచ్చిన రోజు నుంచి పోయిన రోజు దాకా చూసినవాళ్లు ముగ్గురే మిగిలారు. వారిలో ఒకడు రాజలింగం.

ఆటగాళ్ల స్కేట్లకు పదును పెట్టడం, ఆట ముగిశాక వాళ్లు కూర్చున్న బెంచీ కింద కడగడం అతని పని. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, కల్బా అనే ఊళ్లో ఇనుప తలుపులు చేసే షాపులో ఆరేళ్లు గ్రైండర్ పట్టాడు. ఇప్పుడు షార్జాలోని రోలాలో ఎనిమిది మందితో ఒక గదిలో ఉంటూ, కంపెనీ బస్సులో వచ్చి పోతుంటాడు.

కోచ్‌లను అతను ముఖాలతో కాక, బెంచీ కింద వాళ్లు వదిలినదానితో గుర్తుపెట్టుకున్నాడు. మొదటివాడిది పొద్దుతిరుగుడు గింజల పొట్టు. 2020 ఫిబ్రవరిలో వచ్చి, మార్చిలో కరోనాతో మైదానం మూతపడగానే ఇంటికి పోయాడు. రెండోవాడు అసలు రానే లేదు. ఆరు నెలల పాటు తన దేశంలో కుర్చీలో కూర్చుని ట్యాబ్లెట్ తెరలోంచే కోచింగ్ ఇచ్చాడు. ఆ ట్యాబ్లెట్‌ను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని బెంచీ చివర నిలబడింది రాజలింగమే. తెరలోని మనిషి ఆటగాళ్లను తిట్టినప్పుడు, ఆ బూతులు తన గుండెల మీద నుంచి వెలువడుతున్నట్టు ఉండేది. అయినా ఆ కోచ్ ఉమ్మి మాత్రం తాను తుడవలేదని తర్వాతి రోజుల్లో మౌలా సాహెబ్‌తో చెప్పి నవ్వేవాడు. నాలుగోవాడు చూయింగ్ గమ్ అంటించేవాడు. ఐదోవాడి సంగతి చెప్పడానికి రాజలింగం ఇష్టపడడు. ఆరోవాడు మాత్రం నేల మీద ఏమీ వదలలేదు. నాలుగు నెలల్లోనే వెళ్లిపోయాడు.

మూడోవాడి పేరు హార్విన్. పెదవి కింద పెట్టుకునే చిన్న తెల్లటి నికోటిన్ పొట్లాలను నమిలి, తడిగానే బెంచీ అడుగున నొక్కి అంటించేవాడు. రాజలింగం మోకాళ్ల మీద వంగి, పుట్టీ కత్తితో వాటిని గీకి తీసేవాడు. రోజుకు ఎనిమిది, తొమ్మిది.

ఆ సోమవారం వచ్చిన ఏడో కోచ్ కూడా హార్వినే.

పొట్లాల సంగతైతే రాజలింగం సహించి ఉండేవాడు. అతను మరవలేనిది వేరే విషయం. స్కేటు బ్లేడు అడుగున పొడుగునా సన్నని గాడి ఉంటుంది. గాడి లోతుగా ఉంటే రెండు అంచులూ మంచును గట్టిగా కరుస్తాయి. చలిదేశాల గట్టి మంచు మీద కొందరు కోచ్‌లకు అలాంటి పట్టే ఇష్టం. దుబాయ్‌లో ఆగస్టు, సెప్టెంబరుల్లో తలుపు తెరిస్తే చాలు, బయటి ఉక్క లోపలికి వచ్చి మంచు మెత్తబడుతుంది. అలాంటి మంచులో లోతు గాడి బ్లేడు దిగి ఇరుక్కుంటుంది. మనిషి తిరుగుతాడు, పాదం తిరగదు. ఇది రాజలింగం ఏ పుస్తకంలోనూ చదవలేదు, బ్లేడు అంచు మీద బొటనవేలు ఆడిస్తూ ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. అందుకే అందరికీ హాఫ్ ఇంచ్ గాడి పెడతాడు. హార్విన్ మాత్రం 2022 ఫిబ్రవరిలో, చల్లబరిచే యంత్రం సగం పని చేయని వారంలో, అందరికీ త్రీ బై ఎయిట్ పెట్టమన్నాడు. ఆ అంకె గాడి వంపు వ్యాసార్ధం, అది తగ్గేకొద్దీ గాడి లోతు పెరుగుతుంది. వద్దని చెప్పినా వినలేదు. రెండో రోజు సయీద్ అనే పంతొమ్మిదేళ్ల ఆటగాడు మలుపులో కూలిపోయాడు. మోకాలి లోపలి లిగమెంట్లు రెండు తెగిపోయాయి. మళ్లీ ఆడలేదు.

విచారణలో హార్విన్ ఒకే ఒక్క వాక్యం చెప్పాడు. పదును పెట్టినవాడు పొరపాటు చేశాడన్నాడు. రాజలింగం ఫైలులో నిర్లక్ష్యం అనే మాటతో వార్నింగ్ లెటర్ చేరింది. ఆరు వారాల తర్వాత హార్విన్ వీడ్కోలు విందు తిని, కేకు కోసి వెళ్లాడు. అతని ఫోటోను కోచ్‌ల వరుసలో గోడకు కొట్టింది కూడా రాజలింగమే.

"రాజా! మై ఫ్రెండ్!" అంటూ ఆ సోమవారం హార్విన్ చేతులు చాపి వచ్చి కౌగిలించుకున్నాడు. తీపి, పొగాకు కలిసిన వాసన మెడకు తగిలింది. "ఈ క్లబ్ జ్ఞాపకశక్తి మొత్తం ఈ మనిషిలోనే ఉంది" అని ఫోటోగ్రాఫర్‌కు చెప్పాడు. ఫోటో తీశారు. రాజలింగం నేరుగా వెనక్కి పోయి, స్కేట్లు కడిగే కుళాయి కింద మెడ కడుక్కున్నాడు. రెండుసార్లు సబ్బు పెట్టాడు.

స్టోరు సూపర్‌వైజర్ మౌలా సాహెబ్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. నిజామాబాద్ మనిషి, పదమూడేళ్లుగా ఇక్కడే ఉన్నాడు.

"అరె రాజన్నా, గట్ల గీకకు. తోలు పోతది. చుప్ ఉండు. కోచ్‌లొస్తరు, పోతరు."

"పోయినోడే మల్ల వచ్చిండు గద సాబ్."

"వాడొస్తే ఏంది, నీ మెషిన్ నీ దగ్గర్నే ఉంది."

"మెషిన్ నాదే. మాట ఎవనిది?"

మౌలా సాహెబ్ కుళాయి కట్టేసి లోపలికి పోయాడు.

ఫస్ట్ ఎయిడ్ గదిలో ఉండే నర్సు యూనిస్‌ది నరసాపురం. సయీద్‌ను మంచు మీద నుంచి లేపింది ఆమే. మధ్యాహ్నం టీ పట్టుకుని రాజలింగం దగ్గరకు వచ్చింది.

"బాబాయ్, ఓ మాట చెప్పాలండి. ఆ రోజు నేను రాసిన రిపోర్టులో మంచు మెత్తగా ఉందనే రాశానండి. ఆ పేజీ విచారణ కమిటీ దాకా వెళ్లలేదు."

"నీకు ఎప్పుడు తెల్సింది బిడ్డా?"

"అప్పుడే తెలుసండి." ఆమె తల దించుకుంది. "కాంట్రాక్టు రెన్యూవల్ టైమండి అది."

రాజలింగం టీ తాగలేదు. ఆమె మీద కోపం రాలేదు. అయితే ఆ కప్పును చేత్తో పట్టుకోవాలనిపించలేదు. తాను కూడా ఆ వార్నింగ్ లెటర్ కింద చదవకుండానే సంతకం పెట్టాడు. ముదీర్, అంటే క్లబ్ మేనేజర్, "ఖలాస్, పెట్టేయ్" అంటే పెట్టేశాడు. హార్విన్‌తో పాటు తన కుడిచెయ్యి కూడా అతనికి అసహ్యంగా తోచింది.

బుధవారం సాయంత్రం నోటీసు బోర్డు మీద హార్విన్ చేతిరాత కనిపించింది. శనివారం ఆటకు అందరికీ త్రీ బై ఎయిట్. ఆ బుధవారమే మంచు మీద రెండు చోట్ల నీటి మడుగులున్నాయి.

ఇప్పుడు గాడి పెడితే, ఎవరి మోకాలు పోయినా మళ్లీ ఆ నేరం తన చేతి మీదికే వస్తుంది. పెట్టకపోతే పని పోతుంది.  రాజలింగం గురువారం సాయంత్రం నాలుగు గంటలకు డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లి, ఇరవై ముగ్గురు ఆటగాళ్ల మధ్య కోచ్ ముందు నిలబడ్డాడు.

"సార్, దిస్ ఐస్ సాఫ్ట్. త్రీ బై ఎయిట్ నో గుడ్. నేను పెట్టను." తర్వాత, సయీద్ మోకాలు గుర్తుందా అని అడిగాడు.

హార్విన్ కనుబొమలు ముడిచాడు. "సయీదా? ఎవరు?"

నటన కాదు. నిజంగానే అతనికి గుర్తు లేదు. రెండేళ్లుగా రాజలింగం ఈ మనిషిని మనసులో అబద్ధాలకోరుగా తిట్టుకుంటూ వచ్చాడు. అబద్ధం చెప్పినవాడికి కనీసం నిజం ఏమిటో తెలిసి ఉంటుంది. ఈ మనిషికి అది కూడా లేదు. 

రాజలింగం ఆటగాళ్ల వైపు చూశాడు. వాళ్లలో తొమ్మిది మంది సయీద్‌తో ఆడినవాళ్లు. కెప్టెన్ హమ్దాన్ స్ట్రెచర్ ఒక కొస పట్టినవాడు. అందరూ వంగి లేసులు సరిచేసుకుంటున్నారు. కాళ్లకు అప్పటికి స్కేట్లు లేవు, మామూలు బూట్ల లేసులే.

"మంచిది రాజా. నువ్వు చెప్పావు, నేను విన్నాను" అని హార్విన్ భుజం తట్టాడు.

శుక్రవారం ముదీర్ పిలిచి, కోచ్‌కు తన సొంత మనిషి కావాలట అన్నాడు. రాజలింగాన్ని మాల్ వైపున, జనానికి అద్దె స్కేట్లు ఇచ్చే కౌంటరుకు మార్చారు. ఏజెన్సీ నుంచి వచ్చిన కొత్త కుర్రవాడు నోటీసు బోర్డు చూసి, చెప్పినట్టే గాడి పెట్టాడు. శనివారం ఆటలో ఎవరి మోకాలూ తెగలేదు. ఏడుగురు మాత్రం మలుపుల్లో పడ్డారు. జట్టు ఓడింది. మంచు బాగు లేదని హార్విన్ విలేకరులతో చెప్పాడు.

తర్వాతి వారం మంగళవారం, మాల్‌లో జనం పలచగా ఉన్న వేళ, హమ్దాన్ కౌంటరు దగ్గరకు వచ్చాడు. చేతిలో సూపర్ మార్కెట్ సంచి, అందులో స్కేట్లు. చుట్టూ చూసి, సంచిని కౌంటరు కిందకు తోశాడు.

"రాజా, హాఫ్ పెట్టు. ఎవరికీ చెప్పకు."

అద్దె కౌంటరులో చిన్న పదును యంత్రం ఒకటి ఉంది. ఐదు నిమిషాల పని. రాజలింగం సంచి ముడి కూడా విప్పలేదు. మనసులో రోత లేచింది. ఇరవై ముగ్గురు మగవాళ్లు, ఒక్క మాటకు బదులు ఒక సంచి.

"సంచిల తెచ్చిన స్కేటుకు నేను పదును పెట్ట, భాయ్" అన్నాడు హిందీలో, ఆ సంచిని వెనక్కి జరుపుతూ. "రేపు నీకేమన్నా అయితే, రాజా దొంగచాటుగ చేసిండని అంటరు. మీ కోచ్ కండ్ల ముంగట తీస్కరా. చేస్త."

హమ్దాన్ ముఖం ఎర్రబడింది. సంచి పట్టుకుని వెళ్లిపోయాడు.

బుధవారం పదకొండు గంటలకు అతను మళ్లీ వచ్చాడు. స్కేట్ల లేసులు ముడివేసి, జతను భుజాన వేసుకుని, ప్రాక్టీసు మధ్యలో నుంచి గాజు తలుపు తెరిచి, అద్దె స్కేట్ల కోసం వరుసలో నిలబడ్డ జనం పక్కగా నడిచి వచ్చాడు. అతని వెనుక నలుగురు. గాజుకు అవతల హార్విన్ విజిల్ నోట్లో పెట్టుకుని చూస్తున్నాడు, ఊదలేదు.

ఇరవై ముగ్గురిలో ఐదుగురు. మిగిలిన పద్దెనిమిది మంది లోతు గాడి మీదే అవతల తిరుగుతున్నారు. రాజలింగం వాళ్ల వైపు ఎక్కువసేపు చూడలేకపోయాడు. హమ్దాన్ చేతిలోంచి ఎడమ స్కేటును తీసుకుని, యంత్రానికి బిగించి, స్విచ్ వేశాడు.