జంటరాళ్ళకు ముప్పావు కిలోమీటరు

విజయ్ పాల్ కుడి మోకాలు దసరాకే మొరాయించింది. రాజమండ్రి డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "చదునుమీద ఎంత నడిచినా కాదననండి. కొండలు మాత్రం ఇక కట్టిపెట్టండి" అన్నాడు. విజయ్ పాల్ బేరమాడాడు. ఆ బేరం చివరికి ఒక్క కొండ, ఒక్కసారి అన్న దగ్గర తెగింది.

అతను కొవ్వూరులో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. 2002 జూన్ వస్తే రిటైరవుతాడు. రోజూ తెల్లవారుజామున గోదావరి గట్టుమీద ఏడెనిమిది మంది అతని వెంట పరిగెత్తేవారు. ఏడాదికొకసారి వాళ్ళను రంపచోడవరం అవతల ఏనుగుమెడ అనే కొండకు తీసుకెళ్ళేవాడు. ఆ కొండ నెత్తిన ఐదు కిలోమీటర్ల పొడవున రాతి వెన్ను ఉంది. బక్కెద్దు వెన్నులా సన్నగా, గరుకుగా ఉంటుంది. అటూ ఇటూ లోయ. చాలాచోట్ల ఒకరి వెనక ఒకరు వెళ్ళాల్సిందే. కొసన రెండు నిలువు బండలు పక్కపక్కనే ఉంటాయి. వాటిని జంటరాళ్ళంటారు. అక్కడిదాకా పరిగెత్తి, అదే దారిన వెనక్కి రావాలి.

ఒంటరిగా విజయ్ పాల్ ఆరుసార్లు వెళ్ళొచ్చాడు. అదేమీ అతనికి లెక్కలోది కాదు. ఒక్కసారైనా పదిమందిని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ రాళ్ళను తాకించి తీసుకురావాలి. మూడేళ్ళుగా బయల్దేరుతూనే ఉన్నాడు, మూడేళ్ళూ మధ్యలోనే వెనుదిరిగాడు. మొదటి ఏడు ఒక్కరూ నీళ్ళు తెచ్చుకోలేదు. ఎక్కడ దాహమేస్తే అక్కడ ఎవరో ఒకరి గుమ్మంలో చెంబెడు నీళ్ళు దొరికే ఊళ్ళలో పుట్టినవాళ్ళాయె. రెండో ఏడు వాన. మూడో ఏడు ఎండకు ఒకాయన కళ్ళు తిరిగి పడిపోయాడు. అప్పుడు విజయ్ పాల్ ఒక నియమం పెట్టాడు. తొమ్మిదయ్యేసరికి ఎవరు ఎక్కడున్నా సరే, వెనక్కి తిరగాలి. మంచు పడినన్నాళ్ళూ ఆ బండ జారుతుంది, మంచు పోయాక కాలుతుంది. రెంటికీ మధ్య ఫిబ్రవరిలో రెండు మూడు ఆదివారాలే ఉంటాయి.

అలాంటి ఒక ఆదివారం కొండ పాదం దగ్గర వ్యాను దిగి, అతను వరస చెప్పాడు. అందరికంటే ముందు ప్రసన్నకుమారి. పోస్టాఫీసులో గుమాస్తా, ముప్పయ్యారేళ్ళ మనిషి. గడియారం మింగినట్టు ఎగుడైనా దిగుడైనా ఒకే వేగంతో పరిగెడుతుంది. మధ్యలో మిగతావాళ్ళు. చివర వేంకటరమణ గారు, ఆయన వెనక తను.

వేంకటరమణ గారు అదే స్కూల్లో పదకొండేళ్ళు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. అరవై మూడేళ్ళు. కొత్త తెల్లబూట్లు వేసుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చారు.

"అదేంటండీ, పెద్దాయన్ని పట్టుకెళ్ళి తోకలో పెడతారు?" అన్నాడు సత్తిరాజు. అతనిది రావులపాలెంలో అరటి వ్యాపారం. నోరూ పెద్దదే, పొట్టా పెద్దదే. "మేం ఆయన్ని దాటుకుని పరిగెడితే చూసేవాళ్ళేమనుకుంటారు?"

"ఇక్కడ చూసేవాళ్ళెవరండీ, కోతులు తప్ప?" అంది ప్రసన్నకుమారి.

"కోతులకైనా మర్యాద తెలుసమ్మా. మాస్టారూ, మీరు ముందుకి రండి. ఆయ్, రండి బాబూ!"

వేంకటరమణ గారు వద్దు వద్దంటూనే నాలుగడుగులు ముందుకొచ్చారు. "ఏమండీ విజయ్ పాల్ గారూ, మీకేం అభ్యంతరం లేదు కదా?"

"అబ్బే, ఏం లేదండి" అన్నాడు విజయ్ పాల్.

అన్న మరుక్షణమే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. కానీ అప్పటికే అందరూ కదిలారు.

వెన్నుమీదికి చేరేసరికి ఏడు కావస్తోంది. మొదటి అర కిలోమీటరు బాగానే సాగింది. తర్వాత వేంకటరమణ గారు ఆగారు. ఆయన ఆగితే వెనక సత్తిరాజు ఆగాడు, సత్తిరాజు వెనక ఆరుగురూ ఆగారు, ఆ ఆరుగురిలో చివర ప్రసన్నకుమారి. అందరికంటే చివర విజయ్ పాల్ ఒంటికాలిమీద నిలబడి మోకాలు నిమురుకున్నాడు.

"ఈ రాయి చూశారా? కొన్ని కోట్ల ఏళ్ళ కిందటిది" అంటున్నారు వేంకటరమణ గారు. "గోదావరి పుట్టకముందే ఇది ఉంది."

"అబ్బో! అలాగాండి!" అన్నాడు సత్తిరాజు, రాయిని అప్పుడే చూసినట్టు.

రాయి అయ్యాక చెట్టు. చెట్టు అయ్యాక, దూరంగా మంచులో కనిపిస్తున్న ఏదో ఊరు. ప్రతిచోటా రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. వెన్ను వెడల్పుగా ఉన్నచోట ఇద్దరు పక్కపక్కన పోవచ్చు. అలాంటి చోటు వచ్చినప్పుడల్లా విజయ్ పాల్ వెనకనుంచి, "దాటండి, దాటండి" అని కేకేశాడు. ఒక్కరూ దాటలేదు. ఒకసారి ప్రసన్నకుమారి పక్కకు జరిగి రెండడుగులు వేసింది. సత్తిరాజు గొంతు సవరించుకున్నాడు. ఆమె మళ్ళీ వరసలోకి వచ్చి నిలబడింది.

ఇలా కాదని విజయ్ పాల్ ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ ముందుకు వెళ్ళాడు. "మాస్టారూ, ఎనిమిదవుతోందండి" అన్నాడు.

"అయ్యో, నా వల్లే ఆలస్యమవుతోందా ఏంటి?"

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క మాటే. విజయ్ పాల్ ఆ మాటను పళ్ళ మధ్యదాకా తెచ్చాడు.

"అదేం లేదండి. టైం చెబుదామని."

"ఏమనుకోకండి, మరి. పదండి, పదండి" అన్నారు వేంకటరమణ గారు ప్రేమగానే.

ఏమనుకోకండి! ఆ మాట పదకొండేళ్ళు విన్నాడు. పరీక్షలు దగ్గర పడగానే ఆయన తన గదిలోకి పిలిచి, "విజయ్ పాల్ గారూ, ఏమనుకోకండి, ఆటల పీరియడ్లు లెక్కల మాస్టారికి ఇచ్చేద్దాం" అనేవారు. పిల్లలు గ్రౌండుకేసి చూస్తూ క్లాసులో కూర్చునేవాళ్ళు. సున్నంతో గీసిన ట్రాకుమీద గేదెలు తిరిగేవి. ఒక ఏడాది తన దగ్గర బాగా పరిగెత్తే కుర్రాళ్ళు నలుగురుంటే, జిల్లా పోటీల రోజున వాళ్ళకు స్లిప్ టెస్టు పెట్టారు. అప్పుడూ అతను అలాగేనండి అనే వచ్చాడు.

తిరిగి చివరకు చేరి పరిగెడుతుంటే అతనికి నాన్న గుర్తొచ్చాడు. పెనుగొండ పక్క పల్లెలో పాలేరు. పొలం గట్టుమీద ఎదురుగా కామందు వస్తున్నాడంటే నాన్న గట్టు దిగి బురదలో నిలబడేవాడు. చెయ్యి పట్టుకుని కొడుకునీ దించేవాడు. తను చదువుకున్నాడు, ఉద్యోగం చేశాడు, చర్చిలో సంఘపెద్దగా ఎన్నికయ్యాడు. అయినా ఎదురుగా ఎవరైనా పెద్దమనిషి వస్తే పాదం దానంతటదే పక్కకు జరుగుతుంది. ఇక్కడేమో పక్కన దిగడానికి బురద కూడా లేదు, లోయే.

తొమ్మిదికి జంటరాళ్ళు కనిపించాయి. ఎండలో ఎర్రగా, స్పష్టంగా. వాటి మధ్య సందులో మొలిచిన పొద కూడా తెలుస్తోంది. ముప్పావు కిలోమీటరు, అంతకంటే ఉండదు.

విజయ్ పాల్ గడియారం చూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు.

"తొమ్మిదైందండి. తిరగాలి."

"ఇంతదూరం వచ్చి తిరగడమేంటండీ?" అన్నారు వేంకటరమణ గారు. "అదుగో, చెయ్యి చాస్తే అందేలా ఉన్నాయి. ఒక్క పావుగంట."

"ఇలాగే వెళితే రానూపోనూ ముప్పావుగంటండి. పదింటికి కూడా ఇక్కడే ఉంటాం. నీళ్ళు సగమైపోయాయి."

"సార్," అంది ప్రసన్నకుమారి, "నేనొక్కదాన్నీ వెళ్ళొస్తాను. పది నిమిషాలు చాలు. ప్లీజ్ సార్."

చాలని అతనికి తెలుసు. పొద్దున తను అనుకున్న వరసలో నిలబెట్టి ఉంటే ఈపాటికి ఆమె అందరిచేతా ఆ రాళ్ళు తాకించి, సగం దూరం వెనక్కి తీసుకొచ్చి ఉండేది. అతను నోరు తెరిచేలోగా అందరూ వేంకటరమణ గారి మొహంలోకి చూశారు, ఏమంటారో అని. నియమం పెట్టింది తను, దారి తెలిసింది తనకు, వాళ్ళు చూస్తున్నది ఆయనకేసి.

"ఎవరూ వెళ్ళడం లేదు" అన్నాడు విజయ్ పాల్. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "పోయినేడు ఒకాయన పడిపోయింది ఇలా ఒక్క పావుగంట అనుకునే. వెనక్కి తిరగండి. అందరూ!"

అక్కడ వెన్ను బాగా సన్నం. వరస మార్చుకోవడానికి వీల్లేదు. నిలబడ్డవాళ్ళు నిలబడ్డచోటే తిరిగారు. దాంతో చివరనున్న విజయ్ పాల్ ముందయ్యాడు. అతని వెనక ప్రసన్నకుమారి. వేంకటరమణ గారు అందరికంటే చివర.

"మాస్టారూ, మీకు వీపు పెట్టి పరిగెత్తాల్సొచ్చిందండి" అని సత్తిరాజు నొచ్చుకుంటుంటే, "పోవయ్యా బాబూ, ముందు పో" అని వెనకనుంచి వినిపించింది.

విజయ్ పాల్ పరుగందుకున్నాడు. మోకాలు ప్రతి అడుక్కీ సూదిలా గుచ్చుతోంది. వెనక ప్రసన్నకుమారి బూట్ల చప్పుడు, దాని వెనక మరొకటి, మరొకటి, ఒకే లయలో. మలుపు మలుపుకీ తిరిగి చూశాడు. ఎవరూ వెనకబడలేదు. కొసన వేంకటరమణ గారు మఫ్లరు నడుముకు చుట్టుకుని, చేతులు ఊపుకుంటూ హాయిగా పరిగెత్తుకొస్తున్నారు. చెప్పడానికి వెనక ఎవరూ లేకపోయేసరికి ఆయన రాళ్ళకేసి గానీ చెట్లకేసి గానీ చూడటం లేదు. ఆయన నెమ్మదైన మనిషే కాదు. ఆ సంగతి తెలిశాక విజయ్ పాల్‌కు కోపం తగ్గకపోగా రెట్టింపైంది.

వెళ్ళడానికి రెండు గంటలు పట్టిన దూరం నలభై ఎనిమిది నిమిషాల్లో వచ్చేశారు.

"చూశారా!" అన్నాడు సత్తిరాజు వ్యాను దగ్గర కూలబడి, చొక్కా విప్పి విసురుకుంటూ. "వచ్చేటప్పుడు గుర్రాల్లా వచ్చాం. వెళ్ళేటప్పుడు ఏమైందండీ మనకి?"

ప్రసన్నకుమారి అతనికేసి ఒక చూపు చూసి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

వేంకటరమణ గారు వచ్చి విజయ్ పాల్ భుజంమీద చెయ్యి వేశారు. ఆయన మొహం చెమటతో, సంతోషంతో మెరుస్తోంది. "మీరు ముందుంటే ఎంత బాగుందండీ! ఆ ముక్క పొద్దున్నే ఎందుకు చెప్పలేదు? నేను వెనకుండేవాణ్ణి కదా!"

నిజమే. ఉండేవారు. పదకొండేళ్ళలో ఒక్కసారి కుదరదండి అని ఉంటే, ఆ పీరియడ్లూ కొన్నైనా మిగిలేవేమో. విజయ్ పాల్ ఆయన కళ్ళలోకి చూశాడు. ఈసారి చెప్పాలనుకున్నాడు. స్లిప్ టెస్టు దగ్గరనుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాలనుకున్నాడు.

ఇంతలో వ్యాను డ్రైవరు చిట్టియ్య ఇడ్లీ పొట్లాల బుట్ట తెచ్చి, "మీరే పంచండి సార్" అంటూ అతని చేతుల్లో పెట్టాడు. విజయ్ పాల్ పైనున్న పొట్లం తీశాడు. ఎనిమిది మంది ఆకలితో చుట్టూ నిలబడి ఉన్నారు. ప్రసన్నకుమారి అందరికంటే దగ్గర్లో ఉంది.

"తీసుకోండి మాస్టారూ" అన్నాడు, పొట్లం వేంకటరమణ గారి ముందు పట్టుకుని.