వీపుకు అంటని మట్టి

మా పెదనాయన కురుమయ్య పేరు ఏ జాబితాలోనూ లేదు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, సాయుధ పోరాటంలో దెబ్బలు తిన్నవాళ్ల పేర్లు రాసుకోవడానికి ఒకాయన మా ఊరొచ్చి "ఏ దళం?" అని అడిగాడు. ఏ దళమూ కాదంటే కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. దళంలో లేనివాడి వెన్ను విరిగితే అది విరిగినట్టు కాదా? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన పహిల్వాన్. నకిరేకల్ చుట్టుపక్కల జాతరల్లో పదేళ్లు కుస్తీ పట్టాడు. తెల్లారకముందే లేచి గోదా మట్టిలో పసుపూ మజ్జిగా కలిపి పారతో తిరగేసేవాడు. చెన్నయ్య అనే శిష్యుడితో గుంజీలు తీయించి తానూ తీసేవాడు. జొన్న గట్క తిని పెంచిన ఒళ్లు అది, బాదంపప్పు మొహం ఎరగదు. కుస్తీలో వీపు మట్టికి తగిలితే ఓడినట్టే. అందుకే కింద పడ్డ ప్రతిసారీ బోర్లా తిరగడం ఆయనకు ఊపిరి పీల్చినంత అలవాటు. ఆ పదేళ్లలో ఆ వీపుకు మట్టి అంటలేదు.

ఒక జాతరకు మా ఊరి దొర పట్నం నుంచి సొంత పహిల్వాన్‌ను తెప్పించాడు. ముందురోజే పెదనాయనను గడీకి పిలిపించి, "రేపు పడిపో కురుమా. నా మనిషి గెలవాలె" అన్నాడు.

"గోదాల దిగినంక నాకు దొరెవ్వడో తెల్వది, బాంచెన్" అన్నాడట పెదనాయన. నోటికి అలవాటైన బాంచెన్ పోలేదు గానీ మాట మాత్రం తగ్గలేదు.

మరునాడు దొర కుర్చీ ముందే ఆ పట్నం పహిల్వాన్‌ను వెల్లకిల పడేశాడు. జనం నవ్వారు. ఆ నవ్వును దొర మరిచిపోలేదు.

తర్వాత దొరల మీద సంఘం లేచింది, మా దొర హైదరాబాదుకు పారిపోయాడు. దళంలోకి రమ్మంటే పెదనాయన పోలేదు, గోదా విడిచి రానన్నాడు. పోలీసు యాక్షన్ అయ్యాక దొర తిరిగొచ్చాడు. వెనక మిలిటరీ, నెత్తిన కొత్త గాంధీ టోపీ. నిన్నటిదాకా రజాకార్లకు విందులు పెట్టిన మనిషి! పెదనాయనకున్న, కుస్తీలో నలిగిన చెవులు, లావుపాటి మెడ మిలిటరీకి చూపించి, "గీడు దళపోడే. లేకుంటే గింత ఒళ్లెందుకు?" అన్నాడు. అదొక్కటే సాక్ష్యం. చెమటోడ్చి సంపాదించిన ఒళ్లే నేరమైంది.

ఊరివాళ్లందరినీ పంచాయితీలు జరిగే కచ్చీరు ముందు నిలబెట్టారు. దొర షరతు ఒక్కటే.

"వెల్లకిల పండుకొని, ఓడిన అను. ఇడిసిపెడ్త."

లాఠీలు మొదలయ్యాయి. పెదనాయన కూలాడు, బోర్లా. ఇద్దరు సిపాయిలు తిప్పబోతే మోచేతులు నేలకు తన్నిపెట్టి కదల్లేదు. దాంతో దెబ్బలన్నీ వీపు మీదే పడ్డాయి. వెల్లకిల పడి ఉంటే చేతులతోనైనా కాచుకునేవాడు, అసలు వదిలేసేవాళ్లే. పిచ్చి పట్టుదల అని మా నాయన తిట్టేవాడు. నేను తిట్టలేను. తిట్టాల్సిన ఆ దొర పేరు ఇప్పుడు మా ఊరి బడి గోడ మీద ఉంది. చివరికి కొట్టేవాళ్లే అలిసి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు బతికాడు, నడుము వంగిపోయి, కర్ర పట్టుకొని. గోదా ఉన్న జాగాలో దొర పశువుల కొట్టం వేయించాడు.

పోయే ఘడియలో మనిషి మంచం మీద ఉండకూడదని, నేల మీదికి దించాలని మా ఊరి ఆచారం. అప్పటికి తల నెరిసిన చెన్నయ్య గడ్డి పరిచి, గురువు భుజాల కింద చేతులు వేశాడు. మా పెద్దమ్మ పుల్లమ్మ అడ్డమొచ్చింది.

"ఎట్ల పండవెడ్తవ్‌రా?"

"వెల్లకిలనే గదమ్మా. ఆచారమాయె."

"గంతమంది మిలిటరోళ్లతోని కానిది నువ్వు జేస్తవా, చెన్నిగా?"

చెన్నయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తానే ఆ గడ్డి మీద కూర్చుని, గురువును దించుకొని తన ఛాతీకి ఆనించుకున్నాడు. పెదనాయన అట్లా కూర్చునే పోయాడు.