ఊరు టౌనులో కలిశాక

మమ్మల్ని బలవంతంగా టౌనులో కలిపేశారని మావాళ్లు ఇప్పుడు గోల పెడతారు గానీ, ఆ రోజు డప్పులు కొట్టించింది మేమే. పంచాయతీ బోర్డు పీకేసి వార్డు బోర్డు పాతుతుంటే, మాతోనే ఉండే మా మేనత్త అమ్మవారికి పసుపునీళ్లు కలిపి మురాటలు పోసి మొక్కు చెల్లించి వచ్చింది. "ఇక మనకీ కుళాయొస్తాది, ఈధిలైట్లొస్తాయి" అని ఒకటే సంబరం.

కుళాయి సంగతి దేవుడెరుగు, ముందు ఉపాధి పని పోయింది. అది పల్లెలకే గానీ పట్టణాలకు లేదట. ఈ ముక్క డప్పులు కొట్టేముందు ఎవడైనా చెప్పాడా?

ఎండాకాలం వస్తే మా ఆడవాళ్లంతా జట్టుగా ఊరి పక్కన పారే గెడ్డలో పూడిక తీసేవారు. మావయ్య పోయాక అత్త మనసారా మాట్లాడేది ఆ జట్టులోనే. పొద్దెక్కాక అందరూ తాటిచెట్ల నీడన చేరి, ఎవరింటి చోడి అంబలి వాళ్లే తాగకుండా ఒకే గిన్నెలో పోసి పంచుకునేవారు. కలపడం అత్త వంతు. ఎవరిది పులిసిందో, ఎవరిది పలచనో మొహం మీదే అనేసేది. వాళ్లూ ఊరుకునేవారు కాదు. పని ఆగాక ఆ మనిషి గోడ వైపు తిరిగి పడుకోవడం నేర్చుకుంది. టీవీ పెట్టినా చూసేది కాదు. నాకు భయం వేసేది.

గెడ్డ అవతలి ఊరు ఇంకా పంచాయతీయే. మొన్న వేసవిలో అక్కడ పని మొదలైందని విని, నాకు చెప్పకుండా గంప పట్టుకుని వెళ్లిపోయింది. నేను వెనకాలే పరిగెత్తాను.

అక్కడ జట్టును చూసుకునే ఆవిడ మాకు చుట్టమే. పాపం, మొహమాటపడుతోంది.

"ఏటి సెయ్యమంతావు వదినా? నీ కార్డు సెల్లదు. మీరు టౌనోళ్లయిపోనారు కదా."

"కూలి నాకొద్దు. ఊరికే మట్టి మోస్తాను," అంది అత్త.

ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు.

"పేరు లేని మనిసి పన్లో దిగితే రేపు మా అందరి పనీ ఆపెత్తారు వదినా," అంటూ ఆవిడ అత్త చెయ్యి పట్టుకుంది.

అత్త ఖాళీ గంప చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది. గెడ్డ దాటుతుండగా ఆగి, నావైపు చూసి అడిగింది.

"ఒసే, టౌన్లో ఆడోల్లు పొద్దల్లా ఏటి సేస్తారే?"

నేనూ మా ఊళ్లోనే పుట్టి పెరిగినదాన్ని. నాకేం తెలుసు?