ధర గడిలో ఒకటి, రెండు

ఆ రోజు నా ఫోల్డర్‌లో ఉన్న హెడర్ ఫైలు పాతది. ఈ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. నాకంటే మంచి పనివాడు ఒకడు దానివల్ల తన చేతి మీద తానే నమ్మకం పోగొట్టుకున్నాడు. అతను రాసిన ప్రోగ్రాము లైబ్రరీ చెడిపోవడం వల్లే గుడిమల్కాపూర్ బోర్డు తప్పు చూపించిందని మా ఆఫీసులో ఏళ్లపాటు అనుకున్నారు. అది నిజం కాదు.

మా ఆఫీసు పురానాపూల్ దగ్గర, ఒక టైర్ల దుకాణం పైన. బజార్లలో, బస్టాండ్లలో అక్షరాలు వెలిగే బోర్డులు పెట్టడం మా పని. ఒక్కో బోర్డు వెనక చిన్న కంప్యూటరు ఉంటుంది. దానికి సీ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లం ఇద్దరమే, నేనూ, అతనూ. అతను నాకంటే కొంచెం చిన్న. ఛత్రినాకలోనే పుట్టి పెరిగాడు. వాళ్లింట్లో తరతరాలుగా గుడి పని. మా నాన్న ప్రభుత్వ ఉద్యోగంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు కాబట్టి నా మాటలో ఆ యాస మిగిలింది. "అన్నా, నువ్వు అట్ల 'అండీ, అండీ' అంటుంటే సేటు ఇంకో పని నెత్తిన పెడతడు" అని నన్ను ఆటపట్టించేవాడు.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో మేం పెట్టిన బోర్డు ఆ రోజు ధరలు చూపిస్తుంది. మార్కెట్ ఆఫీసు నుంచి ఒక ఫైలు వస్తుంది. ఒక్కో వరుసలో పువ్వు పేరు, ఏ ఊరి సరుకు, కిలో ధర, వాటి మధ్య నిలువు గీతలు. చెప్పుకోవడానికి ఇంతే. కానీ తెల్లవారుజామున నిద్రమత్తులో టైపు చేసేవాళ్లు మనుషులే కదా. ఒకచోట గీత రెండుసార్లు పడుతుంది. ఒకచోట ధరకు ముందు ఖాళీ వస్తుంది. కనకాంబరం పేరు సగంలో తెగిపోతుంది. ఇవన్నీ తట్టుకుంటూ వరుసను ముక్కలుగా కోసి, ఏ ముక్కను ఆ గడిలో పెట్టి నా ప్రోగ్రాము చేతికి అందించే లైబ్రరీ అతను రాశాడు. మార్కెట్ ఫైలులో కొత్త రకం చెడ్డ వరుస కనిపిస్తే మరొకరు విసుక్కునేవారు. అతనికి పండగ. "దొరికిందన్నా ఇంకోటి" అంటూ లైబ్రరీని సరిచూసుకునే తన పరీక్షల్లో దాన్ని చేర్చుకునేవాడు.

మేం సేటు అని పిలిచే మా యజమానికి ఆ లైబ్రరీ నచ్చింది. "గుడిమల్కాపూర్‌ల మంచిగ నడవనీ. అన్ని బోర్డులకు ఇదే పెడదాం. ప్రోగ్రాం పనంతా నువ్వే చూస్కో" అని నా ఎదుటే అతనితో అన్నాడు. నేను అతనికంటే ముందు చేరినవాణ్ణి. ఆ మాట నాకు మింగుడు పడలేదు. దాన్ని ఇప్పుడైనా రాయకపోతే ఈ రాత మళ్లీ సగం అబద్ధమే అవుతుంది.

తెలియనివారి కోసం ఒక సంగతి చెప్పాలి. అలాంటి లైబ్రరీకి రెండు భాగాలుంటాయి. ఒకటి పని చేసే యంత్రం. రెండోది హెడర్ ఫైలు. ఏ గడి తర్వాత ఏ గడి ఉందో నా ప్రోగ్రాముకు చెప్పే పటం అది. యంత్రం మారినప్పుడు పటమూ మారాలి. యంత్రం కొత్తదై పటం పాతదైతే కంప్యూటరు ఏ హెచ్చరికా చేయదు. పాత పటం చూసుకుంటూ పోయి తప్పు గడిలో చెయ్యి పెడుతుంది. అందుకే అతను, "హెడర్‌ని నీ ఫోల్డర్‌ల కాపీ చేస్కోకన్నా, నా కాడున్నదే వాడు" అని మొదట్లోనే చెప్పాడు. నేను కాపీ చేసుకున్నాను. నా సౌకర్యం నాది.

బోనాల ముందు మార్కెట్ వాళ్లు వరుసలో కొత్తగా ఒక గడి అడిగారు. సరుకు ఒకటో రకమా, రెండో రకమా అన్నది. అతను లైబ్రరీ మార్చాడు. ధరకు ముందు రకం గడి చేర్చాడు. బోర్డు మీద దాన్ని చూపించడం తర్వాత చూద్దామనుకున్నాం కాబట్టి నా ప్రోగ్రాములో మార్చాల్సింది ఏమీ లేదు. "హెడర్ గుడ మారింది. పాతయన్నీ చెరిపి మొదటికెల్లి బిల్డ్ చెయ్యన్నా" అని మెసేజ్ పెట్టాడు. చూశాను. కొత్త యంత్రాన్ని తెచ్చి జోడించాను. ఒక్క హెచ్చరిక లేకుండా బిల్డ్ అయింది, అంటే బోర్డుకు ఎక్కించే ప్రోగ్రాము తయారైంది. అదే పరీక్ష అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం మార్కెట్‌కి వెళ్లి కొత్త ప్రోగ్రాము ఎక్కించాం. బోనాల వారం. బంతి మూటల మధ్య అడుగు పెట్టే చోటు లేదు. బోర్డు వెలిగింది. బంతి, ఒకటి. మల్లె, ఒకటి. గులాబీ, రెండు.

ముందు నవ్వులు లేచాయి. ఒక కమీషన్ ఏజెంటు ఫోన్ చెవికి పెట్టుకుని, "భాయ్, మల్లె కిలో రూపాయంట. ట్రక్కు తోలుకొని జల్ది రా" అని అందరికీ వినబడేలా అరిచాడు. తర్వాత నవ్వులు పోయి లొల్లి మొదలైంది. కొనడానికి వచ్చినవాళ్లు బోర్డు చూపించి బేరం ఆడుతున్నారు. మల్లెలు తెచ్చిన ఒక ముసలమ్మ మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "పూలు తెంపిన చెయ్యికి రూపాయి ఇస్తరా బిడ్డా? మీ బోర్డుకు కండ్లు పోయినయా?" అంది. అతను స్టూలెక్కి బోర్డు ఆపేసి, అక్కడి నుంచే చేతులు జోడించి, "అమ్మా, తప్పు మాదే, ధర మీదే" అన్నాడు. ఆమె కొంచెం చల్లబడింది.

మార్కెట్ వాళ్లు ఫోన్ చేస్తే మా యజమాని స్కూటర్ మీద వచ్చాడు.

"ఏంది మియా ఇది? నిన్న దాక మంచిగుండె గద. ఏం మార్చిండ్రు?"

నేను చెప్పాను: "లైబ్రరీ కొత్తదండీ."

అది నిజమే. కానీ అలాంటి చోట పనికొచ్చే నిజాన్ని ఏరుకోవడం నాకు వచ్చు.

అతను నా వైపు చూడనైనా చూడలేదు. "అవును సేటు, నేనే మార్చిన. తప్పు నాదే అయ్యుంటది. చూస్త" అన్నాడు.

ఆఫీసుకు వచ్చి తన కోడ్ ముందు కూర్చున్నాడు. అన్నం తినడానికి కూడా లేవలేదు. మధ్యాహ్నం నేను ఊరికే అతని పరీక్షలు నడిపి చూశాను. అన్నీ సరిగ్గా వచ్చాయి. లైబ్రరీ బాగుంటే మరి తప్పు ఎక్కడుంది? నా ఫోల్డర్ తెరిచాను. పాత హెడర్. అందులో రకం గడి లేదు. ధర ఉంటుందనుకుని నా ప్రోగ్రాము చూసిన చోట రకం కూర్చుని ఉంది. బోర్డు మీద కనిపించిన ఒకట్లు, రెండ్లు అవే.

లేచి పక్క కుర్చీ దాకా నడిస్తే చాలు. నడవలేదు. కొత్త హెడర్ తెచ్చి పెట్టి, అన్నీ చెరిపి మొదటి నుంచి బిల్డ్ చేశాను. ధరలు సరిగ్గా వచ్చాయి. అప్పుడు "మళ్లీ బిల్డ్ చేస్తే సరిపోయింది" అని చెప్పాను.

అతను వెంటనే తిరిగాడు. "గట్లెట్లయితది? హెడర్ కొత్తదేనా అన్నా?"

"కొత్తదే."

అప్పటికి అది కొత్తదే. అబద్ధం ఆడలేదని నాకు నేను చెప్పుకోవడానికి ఆ సందు చాలింది.

మా పనిలో దొరికిన తప్పుకు ఎవరూ భయపడరు. కారణం చెప్పకుండా పోయిన తప్పు అలా కాదు. అతను ఆ వారమంతా తన కోడ్‌లో లేని తప్పును వెతికాడు. ఒక్కో వరుస నాకు చదివి వినిపించి, "ఇక్కడ ఏమన్న డౌటా అన్నా?" అని అడిగేవాడు. నేను తల గోక్కుంటూ ఆలోచిస్తున్నట్టు కూర్చునేవాణ్ణి. అన్నిటికంటే ఆ కూర్చోవడాన్నే ఇప్పటికీ మరిచిపోలేను.

యజమాని తేల్చేశాడు. "చెప్పకుంట పోయింది చెప్పకుంటనే వస్తది. బయట రెడీగ దొరికేది ఏదన్న పెట్టండి." ఆ లైబ్రరీ మూలన పడింది. ప్రోగ్రాం పని నా చేతికి వచ్చింది. అతను బోర్డులు బిగించే పనికి మారాడు. నిచ్చెన, స్పానర్లు, ఎండ. "పైన మస్తు గాలొస్తదన్నా" అనేవాడు. తర్వాత ఎప్పుడూ అతను కోడ్ రాయడం నేను చూడలేదు.

ఏళ్లు గడిచాయి. ఒకే ఆఫీసు, ఒకే చాయ్ కెటిల్.

ఈ మధ్య గుడిమల్కాపూర్ బోర్డు పాతబడిందని మార్చడానికి వెళ్లాం. పని అయ్యాక గేటు బయట చాయ్ తాగుతున్నాం. అతను ఉన్నట్టుండి అడిగాడు.

"అన్నా, నా ఆ పాత లైబ్రరీ నీ కాడ ఉన్నదా ఇంకా?"

"ఉంటుంది. ఎందుకు?"

"నా బిడ్డ కాలేజీల సీ నేర్చుకుంటుంది. 'బాపూ, నువ్వు రాసెటోనివంట గద, నాకు చెప్పు' అంటది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్న." గ్లాసులోకి చూస్తూ నవ్వాడు. "నా తప్పు యాడున్నదో నాకే తెల్వలే. నేనేం నేర్పుత? ఒక్కసారి మల్ల చూస్త. దొరికితే దొరుకుతది, ఆ ఫికరన్న పోతది."

ఇక మింగలేకపోయాను. "అందులో వెతకద్దు. తప్పు అందులో లేదు" అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. పాత హెడర్, మధ్యాహ్నం, అతని పరీక్షలు, అన్నీ.

అతను గ్లాసు కింద పెట్టాడు. పూల మూటలతో ఒక ఆటో మమ్మల్ని దాటిపోయింది.

"నేను అడిగిన గద, హెడర్ కొత్తదేనా అని."

"అడిగావు."

"కొత్తదే అన్నవ్."

"అప్పటికి మార్చేశాను."

"మస్తు తెలివి అన్నా నీది." గొంతు పెంచలేదు. "ఎన్ని బోనాలు పోయినయ్. రోజూ నా పక్కన కూసొని చాయ్ తాగితివి." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "గీ చాయ్ కాడ నాకు చెప్తే ఏమొస్తది? నేను పనికిరానోన్ని అన్నది ఆఫీసోళ్లు. నీ నోటితోని వాళ్లకు చెప్పు. నేను గుడ ఉంట."

మర్నాడు పొద్దున అందరూ ఉన్నప్పుడు యజమాని బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కొత్తగా చేరినవాళ్లకు ఆ బోర్డు సంగతే తెలియదు. వాళ్లకూ అర్థమయ్యేలా మొదటి నుంచి చెప్పాను. సగంలోనే యజమాని చేయి ఊపాడు. "గాయింత పాత ముచ్చట ఇప్పుడెందుకు మియా? పోనీ, చాయ్ చెప్పుండ్రి." అక్కడితో ఆగిపోవడానికి ఎంత తేలికగా ఉండేదో చెప్పలేను. ఆగలేదు. అతని లైబ్రరీలో ఏ రోజూ ఆ తప్పు లేదని, అది నాకు ఆ రోజే తెలుసునని, నేను కూర్చున్న కుర్చీ అతనిదని చెప్పాను.

అతను తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని వైపు తిరిగాను.

"నీ పని బాగుందని తెలిసి కూడా నువ్వు వెతుక్కుంటుంటే చూస్తూ కూర్చున్నాను. నన్ను క్షమించు" అన్నాను.