రంగు చేతుల పెదనాయన

నా చిన్నప్పుడు షోలాపూర్‌లో, కుమఠా నాకా దగ్గరి మా గల్లీలో గాజు తొట్టి ఉన్న ఇల్లు మాదొక్కటే. పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసే నాన్న ఎక్కడి నుంచో పాతది తెచ్చి, నాలుగు ఎర్ర చేపలను వదిలాడు. అవి ఏడాది పాటు హాయిగా బతికాయి. మేత వేసే పని నాది. ఆ మరుసటి ఎండాకాలం అమ్మ నాకు తాను చుట్టిన బీడీలకు దారం కట్టడం నేర్పింది. మధ్యలో లేచి నాలుగు మురమురాలు చిదిపి తొట్టిలో వేసి, నీళ్లలో వేళ్లు ఆడించి మళ్లీ బీడీల చాట ముందు కూర్చునేదాన్ని.

పక్కింట్లో నూలుకు రంగులద్దే పెదనాయన ఉండేవాడు. చుట్టం కాదు, పిలుపు అంతే. పిల్లలు లేని మనిషి. మోచేతుల దాకా ఒకరోజు ఎరుపు, ఒకరోజు నీలం. రోజూ వచ్చి తొట్టిలో వేలు ముంచేవాడు. చేపలు దాన్ని పొడుస్తుంటే మురిసిపోయేవాడు.

ఒక్క వారంలో రెండు చేపలు వెల్లకిలా తేలాయి. రెండోది పోయిన రోజు ఆయన అలవాటుగా వచ్చాడు. నేను గడపలో అడ్డంగా నిలబడి గల్లీ అంతా వినేలా అరిచాను.

"నీ రంగు చేతులతోనే సచ్చినయి! మా ఇంట్లకు రాకు!"

"పోరి అన్నదాంట్ల తప్పేమున్నది?" అన్నది అమ్మ, బీడీ చుడుతూనే.

ఆయన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. తుడిస్తే పోయే రంగు కాదది. మర్నాటి నుంచి రాలేదు. నల్లా దగ్గర ఆడవాళ్లు ఆయనను చూసి బిందెలు పక్కకు జరపడం మొదలుపెట్టారు.

అది చూసింది మా నాయనమ్మ. మిగిలిన రెండు చేపల్లో ఒకదాన్ని గిన్నెలో వేసి తీసుకెళ్లి, ఆయన రంగు గంగాళాల పక్కనే పెట్టి వచ్చింది. అవే నల్లా నీళ్లు, అవే మురమురాలు, మేత మాత్రం ఆయన చేతులతోనే వేయాలని చెప్పిందట. చంపేవాడికే అప్పగించిందని నేను ఏడ్చాను.

నాలుగో రోజున, నేను మేత వేస్తున్న మా తొట్టిలోని చేప చచ్చిపోయింది. ఆయన గిన్నెలోది ఈదుతూనే ఉంది.

నాయనమ్మ నా వేళ్లు పట్టి నా ముక్కు దగ్గరే పెట్టింది. ఏం వాసనో చెప్పలేకపోయాను. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఉన్న వాసన అది.

"తంబాకు," అన్నది, చాటలోని బీడీ పొగాకు చూపిస్తూ. "మంచంల నల్లులు సావనీకి తంబాకు నీళ్లే గద సల్లుతం! శాపలెట్ల బతుకుతయే?"

అమ్మ చేతిలో బీడీ ఆగిపోయింది. రోజూ అమ్మ చేతి ముద్దలే తినే నా చిన్న తమ్ముడికి ఆ పూట అన్నం నాయనమ్మే కలిపి పెట్టింది.

నన్ను ఒంటరిగా ఆయన ఇంటికి పంపారు. గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయనే నవ్వాడు.

"రంగు కండ్లకు కనవడ్తది బిడ్డా. అందుకే దొంగ నేనైతి. ఇగ తీస్కపో నీ శాపను."

తర్వాత పిలిస్తే వచ్చేవాడు. తొట్టి ముందు కూర్చునేవాడు, చేతులు వెనక్కి కట్టుకొని. నేను చేయి పట్టి లాగినా ఒక్కసారైనా వేలు ముంచలేదు. ఎవరి మీదైనా నింద నా నోటి దాకా వచ్చినప్పుడు, ఇప్పటికీ ఆ వెనక్కి కట్టుకున్న చేతులే కనిపిస్తాయి. చాలాసార్లు మాట అక్కడే ఆగిపోతుంది. ఆగని రోజులూ ఉన్నాయి. అవి ఇంకా గుచ్చుతూనే ఉంటాయి.